రెండో ఊ

గురవయ్య నోటి వెంట నిజమనేది ఇంతవరకూ బయటికి రాలేదని మా లింగాపాలెంలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ గురవయ్యను నేనే, నేనూ కాదనను. మా తాత తుమ్మితే కందుకూరులో తలుపులు వాటంతట అవే మూసుకున్నాయని చెప్పినవాణ్ణి. మా మిరపచేలో పిచ్చుక వాలితే ఆ ఘాటుకు అది రాంచిలకై ఎగిరిపోయిందని చెప్పినవాణ్ణి. ఇప్పుడు చెప్పేదాన్ని కూడా ఆ వరసలోనే కలిపేసుకుంటానంటే మీ ఇష్టం. కాకపోతే దీనికి ఒక యంత్రం సాక్ష్యం ఉంది. దానికి మా ఊరితో చుట్టరికం లేదు, నామీద మొహమాటం అసలే లేదు.

మాది పొగాకు ఊరు. పచ్చి ఆకును కర్రలకు కట్టి, బ్యారన్‌లో వరసలు వరసలుగా వేలాడదీసి, కింద పొయ్యి రాజేసి ఆరబెడతాం. బ్యారన్ అంటే పెద్దదేం కాదు, ఎత్తుగా లేపిన గోడల గది, నెత్తిన ఒక పొగగొట్టం. ఆకు రంగు తిరిగేదాకా పొయ్యి దగ్గర మనిషి మెలకువగా ఉండాలి. వేడి తగ్గితే ఆకు చెడుతుంది, పెరిగితే బ్యారనే అంటుకుంటుంది. అందుకని కాపలా ఉన్నవాళ్లలో ఒకడు కథ చెప్పాలి, మిగతావాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే మనిషి కునికాడని అర్థం, చెంబెడు నీళ్లు మొహాన కొట్టడమే. ఇప్పుడు కట్టెలు పోయి కరెంటు పొయ్యిలు వచ్చాయి, వాటంతట అవే వేడి చూసుకుంటాయి. పొయ్యి మారింది గాని మా గొంతులు మారలేదు. మా ఊళ్లో ఊ అనేది మాట కాదు. చెప్పేవాడు ఆగితే చాలు, వినేవాడి పొట్టలోంచి ఊపిరితో పాటు అదే తోసుకొస్తుంది.

మా కోడలు వెంగమ్మది ఉలవపాడు. మామిడితోటల్లో పెరిగిన పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో ఊ కొట్టడం తెలియక, నోరు తెరుచుకుని కథ వింటూ, ఆమె మెలకువగా ఉండి కూడా మొహాన నీళ్లు కొట్టించుకుంది. తర్వాత ఎంత ఆరితేరిందంటే నిద్రపోతూ కూడా ఊ కొట్టేది. అది మోసమే, కానీ పట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఆమె కడుపుతో ఉన్నప్పుడు నేనొక కథ మొదలుపెట్టాను. ఎండాకాలం ఒకరోజు మా తాత బ్యారన్ పొగగొట్టంలో సూర్యుడు ఇరుక్కుపోయాడు. నెత్తిమీది నుంచి పడమటికి వెళ్తూ, ఈ పొగ ఎక్కడిదా అని వంగి చూశాడు, తల దూరింది, మరి రాలేదు. ఊళ్లో మధ్యాహ్నం అలాగే నిలబడిపోయింది. కోళ్లు గూడు ఎక్కడం మానేశాయి. పిల్లలకు బడి వదలడం లేదు. ఇలా రోజుకు కొంచెం సాగదీస్తూ చెప్పుకొచ్చాను. వెంగమ్మ మా వసారాలో గోడకు చేరగిలబడి, పొట్టమీద చెయ్యి వేసుకుని ఊ కొట్టేది.

ఒకనాడు చూద్దును గదా, ఆమె ఊ అనగానే పొట్టమీద చీర కదిలింది. మళ్లీ ఆగి చూశాను. ఆమె ఊ, వెనకనే లోపలినుంచి ఒక తన్ను. లోపలున్నది కూడా ఊ కొడుతున్నదహో అని ఊరంతా చెప్పుకుని తిరిగాను. జనం నవ్విన నవ్వు అంతా ఇంతా కాదు. మా అబ్బాయి మాల్యాద్రి అయితే, పాపం పుట్టకముందే నీ పాలబడిందా నాన్నా అన్నాడు. వెంగమ్మను సాక్ష్యం అడిగితే, ఆకలేసి తన్నిందేమో మామయ్యా, నాకేం తెలుసు అని నవ్వి ఊరుకుంది.

ఎనిమిదో నెలలో బిడ్డ కదలడం మానేసింది. ఆడపిల్ల. ఆస్పత్రిలో కాన్పు చేసి, తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. ఏడవలేదు, కళ్లు తెరవలేదు. సూర్యుడు పొగగొట్టంలోనే ఉండిపోయాడు. తర్వాతేమైందని నన్ను ఎవరూ అడగలేదు. మా వసారాలో మరి కథలు లేవు.

ఏడేళ్లు గడిచాయి. వెంగమ్మకు నెలనెలా రక్తం ఆగకుండా పోవడం మొదలైంది. మొహం పాలిపోయి సున్నం కొట్టినట్టయింది. ఇంట్లోంచి పెరట్లోకి నడిస్తే ఆయాసం. స్కానింగు తీస్తే గర్భసంచి గోడలో బత్తాయికాయంత గడ్డ ఉందన్నారు. ఫైబ్రాయిడంటారట. కాన్సరు కాదు, ప్రాణం తియ్యదు, కానీ రక్తం తాగుతుంది. పట్నంలో ఒక డాక్టరు గర్భసంచి మొత్తం తీసేద్దాం, పీడా పోతుందన్నాడు. మా వీధిలో ఆకు కట్టే ఆడవాళ్లలో ముప్పయ్యేళ్లు దాటినవాళ్లు చాలామంది అదే పని చేయించుకున్నారు, కాబట్టి మాకూ అందులో వింతేమీ కనబడలేదు. వెంగమ్మ మాత్రం ససేమిరా అంది.

ఇంకో బిడ్డ కోసమా అని మాల్యాద్రి మెల్లగా అడిగాడు. ఆమె చెప్పిన జవాబు నేను గోడవతల కూర్చుని నా చెవులతో విన్నాను.

"పిల్ల వస్తే మంచిదే. రాకపోతే పోనీ. నా కూతురు ఈ లోకంలో ఉన్న ఇల్లు అదొక్కటే గదయ్యా. అది పడగొట్టిస్తే, నా పిల్ల ఎక్కడుండేదని చెప్పుకోను?"

ఆ తర్వాత వాడు ఆ ఊసెత్తలేదు. కోత లేకుండా చేసేవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టాడు. అలా దొరికింది డాక్టరు నస్రీన్. మార్కాపురం పిల్ల, పలకల గనుల పక్కన పెరిగింది. సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన పరిశోధనశాలలో ఆమె తయారు చేసిన యంత్రం ఉంది. గర్భసంచిని ముట్టుకోకుండా గడ్డను మాత్రమే ఒలుస్తుందన్నారు. ముగ్గురం వెళ్లాం.

నస్రీన్ మాకు పెద్ద పాఠమేమీ చెప్పలేదు. సొరుగులోంచి నూలు ఉండ ఒకటి తీసి నా చేతిలో పెట్టి, కొస పట్టుకుని లాగమంది. లాగాను. ఫైబ్రాయిడు కూడా ఇలాగే పోగుమీద పోగు చుట్టుకుంటూ పెరుగుతుందండీ తాతగారూ అంది. ముందు మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి వెంట్రుకంత గొట్టం పంపి, గడ్డకు రక్తం పోసే కాలవలో ఇసుక రేణువుల్లాంటివి వేసి కట్టేస్తారట. అది పాత పద్ధతే, చాలా చోట్ల చేస్తున్నారు. ఆ తర్వాతది ఈమె సొంతం. చెవికి వినపడనంత సన్నటి ధ్వనిని చర్మం పైనుంచే పంపి, గడ్డను పైపొర నుంచి లోపలికి, పోగు పోగుగా విప్పేస్తుంది. విడిపోయిన పోగు నీరై ఒంట్లో కలిసిపోతుంది. విడిపోయేటప్పుడు ఒక్కో పోగూ చేసే చప్పుడును యంత్రం వింటుంది. తర్వాతి పోగు ఎక్కడుందో ఆ చప్పుడే దానికి దారి చూపిస్తుంది.

అక్కడిదాకా బాగానే ఉంది. ఆ చప్పుడు సంగతి చెప్పడానికి మాత్రం ఆమె కొంచెం తటపటాయించింది.

మొదటిసారి యంత్రం పెట్టినప్పుడు పేషెంటు ఎవరో పెద్దామె. గడ్డ విడుతుంటే స్పీకరులోంచి వానచప్పుడు వచ్చిందట. బయట ఎండ కాస్తోంది. స్పీకరు చెడిందనుకుని మార్చారు. కొత్తదాంట్లోనూ అదే వాన. తీరా ఆ పెద్దామెను అడిగితే, మాది రేకుల ఇల్లమ్మా, వాన పడితే ఇదే మోత అందట. అప్పటికి గాని నస్రీన్‌కు ఒళ్లు జలదరించలేదు. పోగు చుట్టుకునే వేళకు ఆ ఒంట్లోకి ఏ చప్పుడు దిగిందో ఆ వణుకంతా పోగులో అలాగే గట్టిపడి ఉంటోంది. ఎవరూ పెట్టమనకుండానే ఆడదాని కడుపు తన చుట్టూ ఉన్న బతుకంతా దాచిపెట్టుకుంటోంది. గడ్డను పైనుంచి ఒలుస్తారు కాబట్టి కొత్తవి ముందు, పాతవి తర్వాత వస్తాయి, మాటలు తలకిందులుగా వస్తాయి. కంప్యూటరు ఒక్కో పొరను తిరగేసి సరిచేసి వినిపిస్తుంది.

ఈ మాటలు చెప్పేటప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గిపోయింది, గుళ్లో మాట్లాడినట్టు. నాకు మాత్రం లోలోపల ఈర్ష్య పుట్టింది. ఇన్నేళ్లలో ఇంతటి కోత నేను ఒక్కటీ కోయలేదు.

నస్రీన్ స్కానింగు చూపించి అసలు విషయానికి వచ్చింది. గడ్డ నడిమి పొరలు ఏడేళ్ల నాటివి. కావాలంటే స్పీకరు ఆపేస్తాం, యంత్రం ఒక్కటే వింటుంది, మీరు వినక్కర్లేదు అంది. ఎందుకంటే బల్లమీద ఉన్న మనిషి కదలకూడదు. ఏడిస్తే కదులుతుంది, నవ్వితే కదులుతుంది. పొట్ట కదిలితే యంత్రం ఆగిపోతుంది. ఆగే లోపల ధ్వని గోడకు తగిలితే గర్భసంచి కాలిపోతుంది. అప్పుడు ఇక మొత్తం తీసెయ్యడం తప్ప దారి ఉండదు.

వెంగమ్మ ఆలోచించి, స్పీకరు ఉండనివ్వండి, నేను కదలను అంది. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు, మాట్లాడకూడదు అని నస్రీన్ వేళ్లు ముడుస్తూ చెప్పింది. అన్నిటికీ వెంగమ్మ తలూపింది. తలూపుతూ ఒక్కోదానికి ఊ అంటూనే ఉంది. ఆ ఊ మా ముగ్గురిలో ఎవరి చెవినా పడలేదు. నస్రీన్ చెవిన పడినా, అది ఒప్పుకోవడమనే అనుకుంది.

పొద్దున్నే పని మొదలైంది. మణికట్టు దగ్గర గొట్టం పెట్టి కాలవ కట్టేశారు. ఆ తర్వాత వెంగమ్మను బల్లమీద పడుకోబెట్టి, పొట్టమీద నీళ్లతిత్తిలాంటిది ఆనించారు. అద్దానికి ఇవతల తెర ముందు నస్రీన్, ఆమె వెనక నేనూ మాల్యాద్రీ కూర్చున్నాం. మా గదిలోనూ ఒక స్పీకరు ఉంది.

కాసేపు గరగర. తర్వాత కుండలో తలపెట్టి వింటే ఎలా ఉంటుందో అలా, మెత్తగా, మా ఇల్లు వినబడింది. కుక్కరు విజిలు. మేకపిల్ల మెడలో గంట. పక్కింటివాళ్ల టీవీ. మాల్యాద్రి ఎవరితోనో ఫోనులో అరుపులు. తర్వాత వెంగమ్మ గొంతు, అంట్లు తోముతూ తనలో తను గొణుక్కోవడం: ఈ ముసలాయన చుట్ట నుసి ఊడవడానికే నన్ను కన్నారేమో మావాళ్లు. మాల్యాద్రి నావైపు చూడకుండా పెదవి కొరుక్కున్నాడు. అద్దం అవతల వెంగమ్మ మొహం ఎర్రబడింది కాని పొట్ట కదల్లేదు. గట్టి మనిషి. నేను నోట్లో ఊరికే పెట్టుకున్న చుట్ట తీసి జేబులో పెట్టుకున్నాను.

పొర వెనక పొర. ఏళ్లు వెనక్కి పోతున్నాయి. ఒక పొరలో మా ఇంటిది నన్ను తిడుతూ వినబడింది. ఆవిడ పోయి నాలుగేళ్లు. అన్నానికి రావయ్యా, కుడితిలో పడ్డావా అని పిలుస్తోంది. నాకు తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచాను. మాల్యాద్రి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. అమెరికా వాళ్లు చంద్రుడి మీద దిగినప్పుడు మా బడి పంతులు రేడియో చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టాడు, అప్పుడు కూడా నాకు ఇంత విడ్డూరం అనిపించలేదు. చంద్రుడు ఎక్కడో ఉన్నాడు. ఇది మా కోడలి కడుపు.

తర్వాత చాలాసేపు మాటలు లేని పొరలు వచ్చాయి. ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని రోజులవి. ఒక్క గుండె చప్పుడు మాత్రం, మెల్లగా, బరువుగా. నస్రీన్ తెరమీద నుంచి కళ్లు తిప్పడం లేదు.

అప్పుడు రెండో గుండె వినబడింది.

మొదటిదాని చాటున, దానికి రెండింతల వేగంతో, చిన్న గుర్రప్పిల్ల పరుగెత్తినట్టు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మాల్యాద్రి అద్దానికి నుదురు ఆనించాడు. లోపల వెంగమ్మ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి గాని ఒంట్లో ఒక్క నరం కదల్లేదు. కదలకుండా ఏడవడం ఎలాగో అప్పటికప్పుడు నేర్చుకుంది.

ఆ రెండు గుండెల మీదుగా ఒక మగగొంతు వచ్చింది. ఎవడీ బొంగురుగొంతు ముసలాడు అనుకున్నాను. నేనే.

"కోళ్లు గూడెక్కడం మానేశాయి. బడి వదలడం లేదు. అప్పుడు మా తాత ఏం చేశాడంటే, ఎద్దుల్ని రెంటినీ తోలుకొచ్చి, మోకు తెచ్చి..." అని ఆగింది ఆ గొంతు.

ఊ, అంది పొరలోని వెంగమ్మ.

ధబ్, అని ఒక తన్ను.

ఒక్కసారే అయితే ఆకలి అనుకుందుం. నా పాత గొంతు మళ్లీ ఎత్తుకుంది, మోకు ఒక కొస ఎద్దుల కాడికి కట్టాడని చెప్పింది, ఆగింది. ఊ. ధబ్. నస్రీన్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇన్ని పొరలు విన్న పిల్ల, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను చెప్పింది నిజమేనని ఊరంతటినీ పిలిచి చెప్పాలనిపించాల్సింది నాకు. అలా అనిపించలేదు. ఇంత పెద్ద నిజాన్ని నవ్వులాటకు వాడుకుని తిరిగానా అనిపించింది. వసారాలో కూర్చున్నది ఇద్దరం కాదు, ముగ్గురం.

"రెండో కొస చేత్తో పట్టుకుని, బ్యారన్ ఎక్కి, సూర్యుడి నడుముకు ముడి వేశాడు. వేసి..." అని ఆగింది గొంతు.

"ఊ," అంది వెంగమ్మ.

పొరలోని వెంగమ్మ కాదు. బల్లమీది వెంగమ్మ. నా పక్కన మాల్యాద్రి కూడా అన్నాడు. నేను కథ ఆపాను, వాళ్లు ఊ కొట్టారు. అంతే. దగ్గకూడదన్నారు, ఏడవకూడదన్నారు. ఊ కొట్టకూడదని ఎవరూ అనలేదు. అనాలని మాకూ తట్టలేదు. ఊపిరి తీసుకోకూడదని ఎవరికైనా చెబుతామా.

పొట్ట లేచింది. యంత్రం ఠక్కున ఆగింది. స్పీకరు మూగబోయింది.

ఆ తర్వాత కాసేపు పడ్డ బాధ పగవాడికి వద్దు. నస్రీన్ లోపలికి పరుగెత్తి స్కానింగు పెట్టింది. పక్కగదిలో పెద్దాపరేషనుకు సిద్ధం చెయ్యమని ఎవరికో చెప్పడం వినబడింది. ఇన్నాళ్లూ ఆ ఇల్లు పడగొట్టొద్దని పట్టుబట్టిన మనిషి, ఒక్క ఊతో తనే పడగొట్టుకుందా అని మాల్యాద్రి గోడకు జారబడి కూర్చున్నాడు. నాకు మా గొంతులమీద అసహ్యం వేసింది. వెంగమ్మ ఒక్కతే పైకప్పు చూస్తూ పడుకుని ఉంది, తప్పు చేసినదానిలా కాదు, ఇంకా వింటున్నదానిలా.

నస్రీన్ ఇవతలికి వచ్చి, గోడకు తగల్లేదండీ అంది. రెండు మూడు సార్లు అదే మాట అంది, తనకు తను చెప్పుకుంటున్నట్టు. గర్భసంచి చెక్కుచెదరలేదు. గడ్డ అంతా పోయింది, నడిమిన రేగుగింజంత మిగిలింది. పోగు తెగిపోయింది కాబట్టి ఈపూట యంత్రానికి ఇక దారి దొరకదు. రక్తం కాలవ కట్టేశారు గనక ఆ గింజ పెరగకపోవచ్చు, పెరిగినా పెరగొచ్చు. మధ్యమధ్యలో స్కానింగు చూసుకుంటూ ఉండాలి.

సాయంత్రం వెంగమ్మ మంచం దగ్గర అందరం చేరాం. నస్రీన్ స్టూలు లాక్కుని కూర్చుని, కొన్ని నెలలాగి మళ్లీ రమ్మంది. ఆ గింజ కూడా ఒలిచేస్తే భయం ఉండదు. దాంట్లో మీరు కడుపుతో ఉన్న మొదటి నాలుగు నెలలూ ఉన్నాయి, అవీ వినొచ్చు. ఇవాళ విన్న ముక్క ఫోనులో వేసి ఇస్తానంది.

వెంగమ్మ దుప్పటి కొస సర్దుకుంది.

"ఫోనులో వద్దు డాక్టరుగారూ. ఉన్నదాన్ని ఉన్నచోటే ఉండనివ్వండి. పెరిగి ఇబ్బంది పెట్టినప్పుడు నేనే వస్తా."

అలా వదిలెయ్యడంలో ప్రమాదముందని నస్రీన్ చెప్పాల్సిందంతా చెప్పింది. వెంగమ్మ అంతా విని, ప్రతిదానికీ ఊ కొట్టింది. ఈసారి ఆ ఊ విని నస్రీన్ నవ్వేసింది. నవ్వి, రేపటి నుంచి మా వద్దుల్లో ఇది మొదటిది అంది. వెళ్లబోతూ నా దగ్గర ఆగి, తాతగారూ, మీరు చెప్పిన మిగతా కథల్లో నిజాలెన్ని అంది. అన్నీ నిజాలేనమ్మా, మా తాత తుమ్ముతో సహా అన్నాను. ఏమో, ఇప్పుడు నేను దేన్నీ కాదనలేను అంది ఆ పిల్ల.

కిటికీలోంచి సముద్రం మీద ఎండ వాలుతోంది. మాల్యాద్రి టీ తేవడానికి వెళ్లాడు. వెంగమ్మ ఏడేళ్లలో అడగని మాట అడిగింది.

"ముడి వేశాక ఏమైంది మామయ్యా?"

ఆ కథకు చివర ఏం పెట్టాలో ఆనాడే నాకు తెలియదు, రోజుకింత అల్లుకుంటూ పోయాను. ఇప్పుడు అల్లకుండా తప్పదు. మంచం పక్కకు జరిగి కూర్చున్నాను. నాలుగు అంగలకే ఆయాసపడే మనిషి, దిండు నిలబెట్టుకుని చేరగిలబడింది. చెయ్యి పొట్టమీద వేసుకుంది.

"ముడి వేసి, దిగొచ్చి, ఎద్దుల్ని అదిలించాడు మా తాత. అవి ముందుకాళ్లు నేలలో పాతుకునేలా లాగాయి. బ్యారన్ గోడలు కిరకిరమన్నాయి. పైన సూర్యుడు, మెల్లగా లాగండయ్యా, నడుము పోతోంది అన్నాడు. అప్పుడేమైందంటే," అని ఆగాను.

"ఊ," అంది వెంగమ్మ.

నేను వెంటనే అందుకోలేదు. ఇంకో ఊ పట్టేంత సేపు ఆగి, ఆ తర్వాత సూర్యుణ్ణి బయటికి లాగించాను.